మన ఇండ్లలోని ఛాయాచిత్రములు – వాని భద్రత

(దేవనహళ్ళిలో జరిగిన మన సంఘ మాసిక సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



ఈ మాసము ప్రసంగము మా వంతు వచ్చినది. "ఏ విషయము మాట్లాడుదువప్పా?" అని కార్యదర్శిగారు అడుగగా, "ఫొటోలను క్లౌడులో దాచుకొనుటను గూర్చి" అంటిమి. వారు ఒక నిమిషము మా ముఖము చూచి, "అది పిల్లలకు చెప్పవలసిన మాట గదా! మన సభకు వచ్చువారిలో సగముమంది అరువది దాటినవారు" అనిరి. ఆ కారణముననే మేము ఈ విషయమును ఎన్నుకొంటిమి. ఫోను పిల్లల చేతిలో నున్నది. ఫొటోలో నిలుచున్నదెవరో తెలిసినది పెద్దలకు. ఈ ఇరువురిని ఒకచోట కూర్చుండబెట్టవలెనని మా తలంపు.

మేము ఈ విద్యయందు పండితులము కాము. ఎస్.ఎస్.ఎల్.సి. ముగించి కిరాణా దుకాణమున తండ్రిగారి ప్రక్కను కూర్చున్నవారము. కంప్యూటరు మాకు బిల్లులు వ్రాయుటకు మాత్రమే పరిచయము. అయినను ఈ విషయమున మేము నష్టపోయినవారము గనుక రెండు మాటలు చెప్పుటకు మాకు అధికారము కలదనుకొనుచున్నాము. ముందుగా ఆ నష్టమును చెప్పుదుము.

మా అన్నగారు 2021 మే నెలలో, కరోనా రెండవ విడతలో కాలము చేసిరి. ఆ దినములు ఎట్టివో మీ అందరికిని జ్ఞాపకము ఉండును. ఆసుపత్రినుండి మా చేతికి వచ్చినవి ఒక సంచి, కళ్ళజోడు, ఫోను. పెద్ద దినము నాడు పటము పెట్టి దండ వేయుటకు ఇంటిలో వెదకగా ఆయనది ఒక్క మంచి ఫొటో దొరకలేదు. పెండ్లి ఆల్బములో ఇరువది ఆరేండ్ల యువకుడుగా నున్నాడు. తరువాత ఆల్బమే లేదు. కారణమేమనగా, ఇంటిలో ఫొటోలు తీయువారు ఆయనయే. తీయువాడు ఫొటోలో పడడు. తీసినవన్నియు ఆ ఫోనులో ఉన్నవి. ఫోను తెరచుటకు వ్రేలితో గీయవలసిన గీత ఏదో ఇంటిలో ఎవరికిని తెలియదు. తుదకు ఆధారు కార్డులోని బొమ్మనే పెద్దది చేయించి దండ వేసితిమి. ఆ బొమ్మలో మన ముఖములు ఎట్లుండునో మీకు తెలియనిది కాదు. మా వదినగారు ఆ పటమువైపు చూడలేదు.

ఇరువది దినములైన తరువాత అన్నగారి కుమారుడు ఆ ఫోనును బాగుచేయు దుకాణమునకు తీసికొనిపోయెను. అచటి కుర్రవాడు "రీసెట్ చేస్తే తెరుచుకుంటుందన్నా, ఐతే లోపల ఉండేదంతా పోతుంది" అని చెప్పెనట. మావాడు మొదటి సగము వినెను. రెండవ సగము వినలేదు. తండ్రి పోయిన ఇరువది దినములకు ఆ పిల్లవానికి ఏమి వినబడును? ఫోను తెరచుకొనెను. క్రొత్త ఫోనువలె శుభ్రముగా నుండెను.

అప్పుడు ఎవరో, "ఫొటోలు క్లౌడులో ఉండవచ్చును, ఆయన గూగుల్ ఖాతాను తెరచి చూడుడు" అని చెప్పిరి. మాకు ప్రాణము లేచి వచ్చినట్లయినది. కాని సంకేతపదము తెలియదు. మరచితిమని నొక్కగా, ఫలానా నంబరునకు ఓటీపీ పంపితిమని తెరమీద వచ్చెను. ఆ నంబరు మా అన్నగారిదే. ఆయన పోయినపిమ్మట ఆ సిమ్మునకు డబ్బు కట్టుట ఎందులకని మేమే మానివేసితిమి. దుకాణదారులము గదా, పనికిరాని ఖర్చు అనుకొంటిమి. కొంతకాలము వాడని నంబరు రద్దయి మరియొకరికి ఇయ్యబడునని మాకు తెలియదు. ఆ నంబరునకు ఫోను చేయగా ఎచటనో ఒక అపరిచితుడు హిందీలో పలికెను. మేము వచ్చీరాని హిందీలో మా కథ అంతయు చెప్పి, "నీకు వచ్చిన ఆరు అంకెలు చెప్పుము నాయనా" అని బ్రతిమాలితిమి. అతడు చెప్పలేదు. చెప్పకుండుట అతని తప్పు కాదు. ఓటీపీ ఎవరికిని చెప్పవద్దని ఇదే వేదికమీద, పోలీసు అధికారి ఎదుట, మేమే మీకు ఉపన్యసించి యుంటిమి!

ఆ ఫొటోలు క్లౌడులో ఉన్నవో, అసలు అన్నగారు ఆ మీట నొక్కిరో లేదో, నేటికిని మాకు తెలియదు.

పోయినవి ఆయన ఫొటోలు మాత్రమే అయినచో ఇంతగా చెప్పియుండము. 2017లో మా పాత ఇల్లు పడగొట్టినప్పుడు అటకమీది ఆల్బములు క్రిందికి దింపితిమి. వానతడికి పుటలు ఒకదానికొకటి అంటుకొని యుండెను. అన్నగారు వానిలో చూడదగిన ప్రతి పటమును ఫోనుతో తీసికొనిరి. మేము "నీకేమి పనిలేదా" అని నవ్వితిమి. తరువాత ఆ ఆల్బములను సంచిలో కట్టి పెట్టగా, క్రొత్త ఇల్లు లేచులోపల అవి బూజుపట్టి ముద్దయినవి. అనగా అసలు పోయినది, నకలు ఒక్క ఫోనులో మిగిలినది, ఆ ఫోనును మేము తుడిచితిమి.

వానిలో ఒకటి మా తాతగారిది. ఆయన పెనుగొండ ప్రాంతమునుండి ఈ ఊరికి వచ్చి మొదట పెట్టిన అంగడి ముందు నిలుచున్నారు. చేతిలో త్రాసు. తలమీది బోర్డుమీద పై వరుస తెలుగు, క్రింది వరుస కన్నడము. వెనుక ఒక చక్కోత చెట్టు, అదే మన పంపరపనస. కాయలు వంగి బోర్డును తాకుచుండెను. దేవనహళ్ళి చక్కోతకు ప్రభుత్వమువారు భౌగోళిక గుర్తింపు ఇచ్చిరి గాని, ఆ తోటలలో ఎన్ని మిగిలినవో బైపాసు రోడ్డుమీద పోవువారికి తెలిసినదే. 2008 మే నెలలో విమానాశ్రయము తెరచినది మొదలు మన భూములు గజములలో అమ్ముడుపోవుచున్నవి. మన తాతల అంగళ్ళు, వీధులు, బావులు ఇపుడు ఎచటనైన ఉన్నవన్న మన ఇండ్లలోని పటముల వెనుక భాగమున మాత్రమే ఉన్నవి. మనుష్యులను చూచుటకు తీసిన ఫొటోలో ఊరు తానై వచ్చి నిలుచున్నది.

గొప్పవారి పటములను సంస్థలు కాపాడును. నిజాము ప్రభువు ఆస్థాన ఛాయాగ్రాహకుడై సికిందరాబాదున స్టూడియో నడపి 1905లో మరణించిన రాజా దీన్ దయాళ్ గారి గాజుపలకలు 2,857 ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమువారు 1989లో సేకరించి భద్రపరచియున్నారు. మన తాత త్రాసు పట్టుకొన్న పటమును ఏ కేంద్రమువారును అడుగరు. దానికి భాండాగారము మన ఇల్లే, అధికారి మనమే.

ఇక క్లౌడు అనగా నేమి? మబ్బు అను పేరు విని మా అమ్మగారు "వాన వస్తే తడవవా?" అని అడిగిరి. మేము నవ్వితిమి గాని, ఆ ప్రశ్నలో తెలివి లేకపోలేదు. మన ఫొటోలు ఆకాశమున వ్రేలాడుట లేదు. ఎచటనో ఒక పెద్ద భవనమున, వరుసలుగా పేర్చిన యంత్రములలో, ఆ కంపెనీవారి డిస్కులమీద ఉన్నవి. ఆ భవనమునకు నిరంతరము కరెంటు కావలెను, చల్లబరచుటకు ఏర్పాట్లు కావలెను, కాపలా కావలెను. అట్టి కేంద్రములను అమెజాను సంస్థ 2022 నవంబరులో హైదరాబాదున ప్రారంభించినది. విశాఖపట్టణమున అయిదేండ్లలో 1,500 కోట్ల డాలర్లతో నిర్మింతుమని గూగుల్ సంస్థ 2025 అక్టోబరులో ప్రకటించినది. మీ ఫొటో ఏ భవనమున నున్నదో మీకు ఎవరును చెప్పరు. ఐఫోనులు కూర్చు ఫాక్స్‌కాన్ కర్మాగారము మన ఊరి ప్రక్కనే వచ్చినది. ఫోను పుట్టిన చోటు చూడవచ్చును గాని ఫొటో నిద్రించు చోటు చూడలేము.

క్లౌడు అనగా, తేటగా చెప్పవలెనన్న, వేరొకరి గోదాములో మన సరుకు ఉంచుట. గోదాము మంచిదే. మన అటకకంటె నూరు రెట్లు మంచిది. వానతడి లేదు, చెదలు లేదు, ఫోను బస్సులో పోయినను సరుకు పోదు. కాని గోదాము అన్నప్పుడు అద్దె ఎంత, రసీదు ఎవరి పేర, తాళము ఎవరి చేతిలో, అద్దె కట్టకున్న సరుకు నేమి చేయుదురు అని అడుగని వ్యాపారి ఉండునా? ఫొటోల విషయమున మనలో ఒక్కరును అడుగలేదు.

అద్దె సంగతి చూడుడు. గూగుల్ ఫొటోస్ 2015 మేలో వచ్చినప్పుడు, కొంచెము కుదించిన ఫొటోలను ఎన్నయినను ఉచితముగా ఉంచుకొనుడని చెప్పిరి. మనము బస్తాలకొలది పంపితిమి. 2021 జూను 1 నుండి ఆ ఉచితము నిలిచిపోయినది. ఇపుడు ఈమెయిలు, డ్రైవు, ఫొటోలు అన్నిటికిని కలిపి 15 జీబీ మాత్రమే ఉచితము. ఆపిల్ వారి ఐక్లౌడులో 5 జీబీ. అది నిండినప్పుడు క్రొత్త ఫొటోలు పైకి పోవు. ఫోను ఒక చిన్న హెచ్చరిక చూపును. మనము దానిని వ్రేలితో ప్రక్కకు త్రోసివేయుదుము. "మావన్నీ క్లౌడులో ఉండాయి" అని చెప్పుకొను మన బంధువులలో పలువురి ఖాతాలు నిండి, రెండు మూడేండ్లుగా ఒక్క ఫొటోయైన పైకి పోలేదని మేము ఈ మధ్య పది ఇండ్లలో చూచితిమి. నెలకు నూరు రూపాయల పైచిల్లర కట్టినచో వంద జీబీ దొరకును. దానినే ఇంటిలోని మరి అయిదుగురితో పంచుకొనవచ్చును. పెండ్లి ఫొటోలకు లక్షలు పోయుదుము, దాచుటకు నూరు రూపాయలకు చేయి రాదు.

మరియొకటి. ఆండ్రాయిడ్ ఫోనులలో సాధారణముగా కెమెరాతో తీసినవి మాత్రమే తమంత తాము పైకి పోవును. వాట్సాప్ ద్వారా వచ్చినవి వేరొక అరలో ఉండును. ఆ అరకు మనము వేరుగా అనుమతి ఇయ్యవలెను. మన ఇండ్లలో నామకరణము ఫొటోలన్నియు వాట్సాప్‌లో వచ్చినవే గదా! అంతకంటె పెద్ద పొరపాటు మా పినతల్లిగారు చేసిరి. ఫోనులో చోటు లేదని, "పైన ఉండాయి కదా" అని, ఒక దినము కూర్చుండి ఆ గూగుల్ ఫొటోస్‌లోనే ఆరువందల ఫొటోలను తుడిచివేసిరి. పైన ఉన్నదియు క్రింద ఉన్నదియు ఒకే లెక్క. ఒకచోట కొట్టివేసిన పద్దు రెండవచోటను కొట్టివేయబడును. అదృష్టవశమున వారి మనుమరాలు వారములో చూచి చెత్తబుట్టనుండి తిరిగి తెచ్చెను. పైకి చేరిన ఫొటో ఆ బుట్టలో 60 దినములు ఉండును, తరువాత ఉండదు. ఫోనులో చోటు కావలసినచో "ఫ్రీ అప్ స్పేస్" అని వేరే మీట కలదు. అది పైకి చేరినవానిని ఫోనునుండి మాత్రమే తీసివేయును.

పైకి చేరినదో లేదో తెలియుటకు ఫోను మాట నమ్మవలదు. వేరొక కంప్యూటరులో మీ ఖాతా తెరచి, పది సంవత్సరముల క్రిందటి ఫొటో ఒకటి, నిన్నటిది ఒకటి కనబడునా అని చూడుడు. చూచిన తరువాత అచటినుండి బయటికి వచ్చుట మరువకుడు.

క్లౌడులో ఉంచితిమి, ఇక చింత లేదందురా? దక్షిణ కొరియా దేశమున డేజాన్ నగరములో ప్రభుత్వమువారి సమాచార కేంద్రము కలదు. 2025 సెప్టెంబరు 26న అచట బ్యాటరీలనుండి నిప్పు పుట్టినది. ప్రభుత్వోద్యోగులు తమ కాగితములు దాచుకొన్న క్లౌడు, 858 టెరాబైట్ల సరుకు, కాలిపోయినది. బయట దానికి నకలు లేదు. మరీ పెద్దది గనుక నకలు తీయలేదని వారి సమాధానము. ఎలక్ట్రానిక్ విద్యలో మనకు గురువులవంటివారికే అట్లు జరిగినది. అంతకుముందు, 2019లో, మైస్పేస్ అను అమెరికా సంస్థ యంత్రములను మార్చుటలో పండ్రెండేండ్లపాటు జనులు ఎక్కించిన పాటలను పోగొట్టుకొంటిమని ఒప్పుకొన్నది. మన పిల్లలు కాలేజీలో ఉండగా ఫొటోలు పెట్టుకొన్న ఆర్కుట్ 2014 సెప్టెంబరు 30న మూతపడినది. అంగళ్ళు మూతపడుట మనకు క్రొత్త కాదు.

ఇంటిలోనే ఉంచుకొందమన్న, 2009 అక్టోబరు 2న కర్నూలును తుంగభద్రా హంద్రీ నదులు ముంచినప్పుడు మన బంధువుల ఇండ్లలో ఏమి మిగిలినదో మీరు చూచితిరి. 2024 సెప్టెంబరులో విజయవాడలో బుడమేరు వచ్చినప్పుడును అదే కథ. బియ్యము మరల కొనుక్కొనిరి, పరుపు మరల కొనుక్కొనిరి. పెండ్లి ఆల్బమును ఎండలో ఆరబెట్టుకొని కూర్చుండిరి.

కావున రెండును కావలెను. ఫొటోగ్రాఫర్లలో ఒక లెక్క వాడుకలో ఉన్నది: మూడు ప్రతులు, రెండు విధముల సాధనములమీద, ఒకటి వేరే చోట. ఇది మాకు విన్నవెంటనే అర్థమయినది. మా నాయనగారు చిట్టా అంగడిలో ఉంచి, ఆవర్జా ఇంటికి తెచ్చెడివారు. అంగడి కాలినను బాకీ కాలదనెడివారు. ఫోనులో ఒకటి, క్లౌడులో ఒకటి, ఒక హార్డు డిస్కుమీద ఒకటి. ఆ డిస్కు మీ ఇంటిలోనే ఉండనక్కరలేదు. హిందూపురములోని అక్కగారి బీరువాలో పెట్టి, సంవత్సరమునకొకసారి పండుగకు పోయినప్పుడు తెరచి చూచి క్రొత్తవి చేర్చి రండి. పెన్ డ్రైవును నమ్మి ఏండ్ల తరబడి మరచిపోవలదు. సీడీలలో వ్రాయించుకొన్నవారు ఈ వారమే వానిని వెలికి తీయుడు. చదువు యంత్రము కంప్యూటర్లలో ఇపుడు ఉండుటలేదు. పెండ్లి వీడియో క్యాసెట్టుల సంగతి మరీ తొందర. ఆ యంత్రమును చేయుచు మిగిలిన చివరి కంపెనీ, జపానుకు చెందిన ఫునాయి, 2016 జూలైలో నిలిపివేసినది.

మా అన్నగారి ఫొటోలలో పదునొకండు మాకు తిరిగి దొరకినవి. ఎట్లనగా, హిందూపురమున మా మేనత్తగారి కుమారునకు ఆయన 2017లోనే వానిని వాట్సాప్‌లో పంపియుండెను. చిన్నవి, మసకబారినవి, పెద్దవి చేయించినచో చుక్కలుగా కనబడును. వానిలో తాతగారి త్రాసు ఉన్నది. బోర్డుమీది అక్షరములు చదువవచ్చుటలేదు.

ఇపుడు తాళముల సంగతి. గూగుల్ ఖాతాను రెండేండ్లు ఎవరును తెరువనిచో దానిని తుడిచివేయవచ్చునని ఆ సంస్థ నియమము. 2023 డిసెంబరు నుండి అమలులోనికి వచ్చినది. అనగా మనలో ఒకరు పోయి, ఇంటివారు దుఃఖములో ఉండి, రెండు సంవత్సరీకములు గడచునప్పటికి గోదాము ఖాళీ కావచ్చును. అందులకు ముందే ఏర్పాటు చేసికొనవచ్చును. ఖాతా అమరికలలో "ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్" అని ఒకటి కలదు. ఇన్ని నెలలు నేను తెరువనిచో ఈ మనిషికి నా ఫొటోలు అందజేయుడని మనమే వ్రాసి పెట్టవచ్చును. పదిమంది వరకు పేర్లు ఇయ్యవచ్చును. ఆపిల్ ఫోనులవారికి "లెగసీ కాంటాక్ట్" అను పేర 2021 డిసెంబరు నుండి ఇట్టిదే కలదు; దానికి ఒక తాళపు సంకేతమును, మరణ ధ్రువపత్రమును చూపవలెను. ఇది అశుభమని మనవారు వెనుకకు పోవుదురు. పొలమునకు వీలునామా వ్రాసినవారు, బ్యాంకులో నామినీని చూపినవారు, ఫొటోలకు మాత్రము అశుభమనుటలో అర్థము మాకు కనబడలేదు. మేము మా ఖాతాకు మా ఇంటిదాని పేరును, అన్నగారి కుమారుని పేరును వ్రాసితిమి. పది నిమిషముల పని. ఇంటిలో ఎవరైన కాలము చేసినచో వారి సిమ్మును వెంటనే మానివేయకుడు. ఖాతాలన్నియు చక్కబడు వరకు రీఛార్జి చేయించుచుండుడు. ఈ ఒక్క మాటకొరకే మేము ఈ వేదిక ఎక్కితిమన్నను తప్పులేదు.

కొందరు సోదరీమణులు, ఆడపిల్లల ఫొటోలు అంతర్జాలమున పెట్టుట మంచిదా అని అడిగిరి. ఫేసుబుక్కులో పదిమందికి చూపుట వేరు, మన ఖాతాలో దాచుకొనుట వేరు. బలమైన సంకేతపదమును, రెండవ తాళమును పెట్టుకొనుడు. మీ సంకేతపదమును మాకు గాని, సంఘములో ఎవరికి గాని చెప్పకుడు.

ఇంతవరకు చెప్పినది యంత్రముల మాట. దీనికంటె కష్టమయినది ఒకటి మిగిలినది.

ఆ పదునొకండింటిలో ఒకదానిని మేము అమ్మగారికి చూపితిమి. మూలపటము వెనుకను ఎవరో సిరాతో వ్రాసినదానిని కూడ అన్నగారు ఫొటో తీసియుండిరి: "చిన్నక్క, బావ, తిరుపతి." అంతియే. ఎవరి చిన్నక్క? వ్రాసినవారికి తెలియును, వారు లేరు. మన భాషలో బంధుత్వపు పేర్లు ఎంత చక్కనివో అంత చిక్కులుగలవి. ఒకే మనిషి ఒకరికి అవ్వ, ఒకరికి అత్త, ఒకరికి వదిన, ఒకరికి చిన్నక్క. "మా వదిన" అని వ్రాసిన పటము మూడవ తరమునకు ఎవరిదియును కాకుండ పోవును. అమ్మగారు చాలసేపు చూచి, ఆ మనిషి ముక్కుపుడకను బట్టి గుర్తించి పేరు చెప్పిరి. మేము ఎన్నడును వినని పేరు! ప్రసవములో పోయిన మా నాయనగారి మేనత్త అట. ఆమె పేరు తెలిసినవారు భూమిమీద ఇపుడు మా అమ్మగారొక్కరే. ఆ ఫొటోను పది క్లౌడులలో ఉంచినను ఆ పేరు అందులో ఉండదు.

ఫోను ముఖములను గుర్తించి ఒకచోట చేర్చును గదా అందురు. నిజమే. ఒకనాడు అది మా అవ్వగారి ముఖమును, మా కుమార్తె ముఖమును ప్రక్కప్రక్కన చూపి, "ఇరువురును ఒకరేనా?" అని అడిగినది. అమ్మగారు ఫోను చేతికి తీసికొని, "దీనికి కూడా తెలిసిందే!" అని కన్నులు తుడుచుకొనిరి. అది పోలికను పట్టగలదు. పేరును మనము చెప్పవలసినదే.

మన పిల్లలు బడిలో కన్నడము, ఇంగ్లీషు చదివిరి. వారిని తప్పుపట్టుటలేదు, మేమును ఆ బడిలోనే చదివితిమి, తెలుగు అక్షరములు మాకు అంగడి పద్దుల పుస్తకము నేర్పినది. కాని పటము వెనుకనున్న తెలుగు వ్రాత వారికి నల్లని గీతలుగా కనబడును. కావున పటము ముందు భాగము తీసినపిమ్మట వెనుక భాగమును కూడ తీయుడు. ఫొటో క్రింద పేరు వ్రాయుటకు చోటు ఉండును; అచట తెలుగులో పూర్తి పేరు, ఎవరి కుమార్తెయో, ఏ ఊరో, ఉజ్జాయింపుగా ఏ సంవత్సరమో వ్రాసి, దానినే కన్నడమునను ఇంగ్లీషునను వ్రాయుడు. వ్రాయు ఓపిక లేనివారు ఒక పని చేయుడు. అవ్వను కూర్చుండబెట్టి, ఫొటోలు ఒకటొకటిగా చూపుచు, ఆమె చెప్పుచుండగా వేరొక ఫోనులో మాటను పట్టుకొనుడు. అదియు ఫొటోలతోపాటు క్లౌడులోనికి పంపుడు. మధ్యలో ఆమె కథలలోనికి పోవును, ఆపవలదు. మా అమ్మగారు నలువది ఫొటోలకు మూడు సాయంకాలములు తీసికొనిరి. పేర్లకంటె కథలే ఎక్కువ ఉన్నవి, ఎవరి పెండ్లిలో ఎవరు అలిగిరన్నదానితో సహా.

వచ్చే మాసము రెండవ ఆదివారము ఉదయము పదింటినుండి ఒంటిగంట వరకు సంఘ పఠనాలయమున ఒక స్కానరును, డిగ్రీ చదువుచున్న మన ఇద్దరు పిల్లలను ఉంచుదుము. ఖర్చు ఏమియు లేదు. ఇంటికి ఇరువది పటములకు మించకుండ తెండి. మిగిలినవి మరుసటి ఆదివారము. అద్దమునకు అంటుకొన్న పటములను మీరు పెరకకుడు, చట్రముతోనే తెండి. అద్దముపైనుండియే వెలుగు పడకుండ తీయుదుము. వానిని గుడ్డలో చుట్టుడు, ప్లాస్టిక్ సంచిలో వలదు. ఫోనును, దాని ఛార్జరును తెండి. ఇంటిలోని అవ్వను, తాతను తప్పక తీసికొని రండి. మేడమెట్లు ఎక్కలేనివారికి క్రింది గదిలోనే కుర్చీలు వేయింతుము, కాఫీ మా దుకాణమునుండి వచ్చును.